పిన్ కోడ్ జాతకం

నల్లగొండ ఫ్లోరైడు కష్టాలకు కారణం గ్రానైటు రాళ్లని భూగర్భ శాస్త్రజ్ఞులు, పాలకులని ప్రతిపక్షాలవారు చెబుతూ వస్తున్నారు. (ప్రతిపక్షం ఎవరన్నది ఎన్నికలతో మారుతుంది, మాట మారదు.) ఇద్దరూ పొరబడ్డారు. కారణం ఊరి పిన్ కోడ్, 508001.

చూడగానే ఇది ప్రధాన సంఖ్యేమోనన్న గౌరవం కలుగుతుంది. సరి సంఖ్య కాదు. 3తో పోదు, 5తో, 7తో పోదు, 11కీ లొంగదు. ఆ తర్వాత వస్తుంది గండం: 13 శేషం లేకుండా భాగించేస్తుంది. 508001 అంటే 13 × 23 × 1699. దేశానికి 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ ఇచ్చిన శ్రీరాం భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. గణాలు చూసుకొని శ్లోకం రాసే మనిషి కారణాంకాలు చూడకుండా ఊరికి సంఖ్య ఎలా రానిచ్చారో! త్రయోదశి మంచి తిథే కదా అని కొందరు అడ్డు తగులుతారు. తిథి వేరు, కారణాంకం వేరు.

బోరు నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది. దానికి నల్లగొండ పేరే పెట్టారు. పిన్ కోడ్‌లోంచి పదమూడును తేర్చే పద్ధతి మాత్రం ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు.

ఇక మహబూబ్‌నగర్ 509001. రెండింటికీ తేడా సరిగ్గా 1000. వెయ్యిలో ఉన్నవి రెండులు, ఐదులే; అవి ఈ సంఖ్యలు రెండింటికీ గిట్టవు. అంటే ఒకటి తప్ప ఉమ్మడి కారణాంకమే లేని పరస్పర ప్రధాన సంఖ్యలివి. కృష్ణ నీళ్లు రెండు జిల్లాలకూ కావాలి, కారణాంకం మాత్రం కలవదు. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల ఎందుకు నత్తనడక నడిచిందో ఇంకా విడమరిచి చెప్పాలా? అదే భువనగిరిని చూడండి, 508116. 2016లో వేరు కాపురం పెట్టినా నల్లగొండతో 23 ఉమ్మడిగానే మిగిలింది. ఆఫీసులు, ఫైళ్లు, కుర్చీలు పంచుకున్నారు, ఇరవై మూడును పంచలేకపోయారు.

నమ్మని వారికి చివరి రుజువు. 508001 అంకెలు కూడితే 14, మళ్లీ కూడితే 5. నల్లగొండ బండ్ల కోడ్ 05. 509001 అంకెల మొత్తం 15, అంటే 6. మహబూబ్‌నగర్ బండ్లకు 06! భువనగిరి పిన్ కోడ్ 21కి, అక్కడి నుంచి 3కి దిగుతుంది. ఆ జిల్లా బండ్లకు 30, అంటే మళ్లీ మూడే. ఇది కాకతాళీయమనేవాడు ఫ్యాన్సీ నంబరు వేలంలో ఎన్నడూ పాట పాడి ఉండడు.

సూర్యాపేట ఒక్కటే ఇబ్బంది పెడుతోంది. 508213 చివరికి 1 అవుతుంది, బండ్ల కోడ్ 29 మాత్రం 2 అవుతుంది. సిద్ధాంతంలో లోపం లేదు కనుక లోపం సూర్యాపేటలోనే ఉండాలి. పిన్ కోడ్‌కు ఒకటి కలిపి 508214 చేస్తే లెక్క కుదురుతుంది. ఆ నంబరు ఇప్పటికే ఇంకెవరికైనా ఉంటే, వాళ్లు కూడా తలా ఒకటి కలుపుకొని పక్కకు జరగాలని తపాలా శాఖకు మహజరు పంపుతున్నాను.