వేసవి వాతావరణ శిబిరం గారికి, కిటికీ ఒకటి తెరవమని కోరుతూ

శ్రీయుత వేసవి వాతావరణ విజ్ఞాన శిబిరం గారికి,

తిరుపతి కొర్లగుంట నుంచి ఒక ఏడో తరగతి పాప తల్లి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా చెమటలు కక్కుతూ క్షేమం. తమరు ఏసీ హాల్లో 24 డిగ్రీల దగ్గర క్షేమంగా ఉన్నారని పాప చెప్పింది. సంతోషం.

పది రోజులకు రెండున్నర వేలు కట్టాను. సైన్సు మీద ప్రేమతో అని అబద్ధం చెప్పను. మే నెలలో పిల్ల ఇంట్లో ఉంటే ఫోను, ఫోను లాక్కుంటే టీవీ, టీవీ ఆపితే అన్నతో కొట్లాట. మీ కరపత్రంలో టోపీ, నీళ్ల సీసా, సర్టిఫికెట్ అని ఉంది. మధ్యాహ్నం మజ్జిగ కూడా ఇస్తారని చిన్న అక్షరాల్లో ఉంది. అది చూశాకే డబ్బులు పంపాను.

మూడో రోజు సాయంత్రం పాపను తీసుకెళ్లడానికి కాస్త ముందే వచ్చాను. తలుపు సందులోంచి తమరి దర్శనమైంది. కిటికీలన్నీ మూసి, నీలం కర్టెన్లు దించి, లైట్లు ఆర్పి, తెర మీద మేఘం చూపిస్తున్నారు. ఏ దేశపు మేఘమో, కింద మంచు కొండలున్నాయి. పిల్లలు 'క్యుములోనింబస్', అంటే ఉరుముల మబ్బు, స్పెల్లింగు రాసుకుంటున్నారు. నేను నిలబడ్డ వరండాలోంచి చూస్తే శేషాచలం మీద అదే మేఘం, పువ్వు విచ్చుకున్నట్టు పైపైకి లేస్తోంది. అడుగున నలుపు, పైన కాలీఫ్లవర్. ఫీజు కట్టిన వాళ్లెవరూ దాన్ని చూడలేదు. నేనూ, వాచ్‌మన్ చూశాం.

మూల బల్ల మీద థర్మోకోల్‌తో చేసిన స్టీవెన్‌సన్ పెట్టె ఉంది. అసలుదైతే తెల్లరంగు చెక్కపెట్టె, చుట్టూ గాలి ఆడే రెక్కలు, నేలకు నాలుగడుగుల ఎత్తులో నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. ఎండ నేరుగా తగలకుండా గాలి వేడి మాత్రమే కొలవడానికి ఆ ఏర్పాటు. మీ పెట్టెలో థర్మామీటరు ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి ఉంది. 28 దగ్గర ఆగింది. మే నెలలో తిరుపతిలో 28! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఐదో రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. ఎండలు ఎక్కువగా ఉన్నందున రేపు, ఎల్లుండి శిబిరం ఉండదని. చేపలు ఎక్కువొచ్చాయని చేపల మార్కెట్‌కు సెలవిచ్చినట్టుంది. పిల్లల్ని ఎండలో తిప్పమని ఏ తల్లీ అనదు. కానీ ఏసీ హాల్లో ఉన్నదానికి ఎండ అడ్డేమిటో అర్థం కాలేదు. ఆ రెండు రోజుల్లో చెప్పుకోవాల్సిన పాఠం ఒకటి ఊరికే పోయింది. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో పగటి వేడి కనీసం 40 డిగ్రీలుండాలి. దానితో పాటు ఆ ఊరి మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి, లేదా ఏకంగా 45 తాకాలి. అప్పుడే దాన్ని వడగాలి అంటారు. అంటే మామూలుగానే 40 ఉండే ఊళ్లో 43 వచ్చినా లెక్క ప్రకారం అది వడగాలి కాదు! ఈ మాట మా అత్తకు చెబితే, "ఆ లెక్క రాసినోడు ఒక రాత్రి మన మిద్దె మీద పండుకోని చూడాల" అంది.

పాప ఒకరోజు హాల్లో కార్తెల గురించి అడిగిందట. మీ సారు అది మూఢనమ్మకం అన్నారట. వాళ్ల అవ్వ, అంటే మా అత్త, చెప్పేవన్నీ నిజమని నేనూ అనను. కప్పల పెళ్లి చేస్తే వాన వస్తుందని కూడా ఆమే చెబుతుంది. కానీ కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో చెప్పే లెక్క. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగులుతాయనేది సూర్యుణ్ని చూసి రాసుకున్న క్యాలెండరు. దాన్ని తోసేసి తమరు పిల్లలతో ఇంగ్లిషు నెలల పేర్లతో రంగుల చార్టు చేయించారు. చార్టు బాగుంది. గోడకు అంటించాం.

ఇక గాదంకి సంగతి. మనవాళ్లకు గాదంకి అంటే టోల్‌గేటు. చిల్లర వెతుక్కునే చోటు, ఇప్పుడు ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో చూసుకునే చోటు. అక్కడే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న స్థలంలో 1024 యాంటెన్నాలు బారులు తీరి ఆకాశం వైపు నిలబడి ఉంటాయి. అన్నీ కలిపి ఒక రాడార్. ఒకప్పుడు దూరదర్శన్ కోసం మిద్దె మీద కట్టుకుని, బొమ్మ రాకపోతే నాయన ఎక్కి తిప్పేవాడే, ఆ జాతి యాంటెన్నాలే. అవి రేడియో తరంగాలను నిట్టనిలువుగానూ, కాస్త పక్కలకు వాల్చీ పైకి పంపుతాయి. వానను చూసే రాడార్లలా దీనికి వాన చినుకు అక్కర్లేదు. గాలిలోని సుడులు, తేమ తేడాల నుంచి వెనక్కొచ్చే సన్నటి ప్రతిధ్వనిని పట్టుకుని పైన గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో చెబుతాయి. మామిడికాయలకని దామలచెరువు పోయేటప్పుడల్లా ఆ పక్కనుంచే పోతాం.

కరపత్రంలో 'రాడార్ సందర్శన' అని ఉంది. బస్సు కుదరలేదని వీడియో చూపించారు. వీడియో మధ్యలో ఆగి గిరగిరా తిరిగిందట. పాప ఇంటికొచ్చి రాడార్ గుండ్రంగా తిరుగుతుందమ్మా అని చెప్పింది.

గాదంకి దూరమనుకుంటే అలిపిరి దగ్గరే కదా. ఒక థర్మామీటరు, ఒక చిప్స్ ప్యాకెట్ పట్టుకుని కొండ బస్సెక్కితే సరిపోయేది. వెయ్యి మీటర్లు పైకి పోతే సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తిరుమల చేరేసరికి నాలుగైదు డిగ్రీల తేడా పిల్లలే చదివేవాళ్లు. ఘాట్ రోడ్డులో చెవులు దిబ్బడ పడతాయి, చిప్స్ ప్యాకెట్ ఉబ్బుతుంది. గాలి ఒత్తిడి పాఠం అయిపోయినట్టే. పైగా దర్శనం. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా కాదంటారా?

ఇంకో అనుమానం. తమరు మే నెలలోనే ఎందుకు వస్తారు? సెలవులు కాబట్టి, తెలుసు. కానీ మా ఊరికి అసలు వాతావరణం వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. 2021 నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, తిరుమల మెట్ల దారిలో నీళ్లు జలపాతంలా దూకాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ల వాళ్లు నిద్రలేకుండా గడిపారు. అప్పుడు మా పాప చిన్నది, నన్ను అడిగిన ప్రశ్నలకు నా దగ్గర జవాబుల్లేవు. తమరు ఆ నెలలో ఏ ఊళ్లో ఉంటారో చెబితే రెండున్నర వేలు ఇంకోసారి కడతాను.

ముగింపు సభ మాత్రం మరచిపోలేం. ఏసీ హాలు చాలదని మైదానంలో షామియానా వేశారు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని రెండో వాక్యంలో ఉండగా గాలి లేచింది. వేదిక వెనుక ఫ్లెక్స్ తాళ్లు తెంపుకుని, గేటు దాటి, చెరుకురసం బండికి చుట్టుకుంది. పది రోజుల్లో పనిచేసిన పరికరం అదొక్కటే. గాలి ఏ దిక్కుదని ఒక సారు అడిగితే పిల్లలందరూ ఫ్లెక్స్ పోయిన వైపు చేతులు చూపించారు. వచ్చిన దిక్కుతో గాలికి పేరు పెడతారని, పోయే దిక్కుతో కాదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెరుకురసం అతనికి తెలుసు. "పడమటి గాలి సార్, వాన పడతాది" అన్నాడు, ఫ్లెక్స్ మడతపెడుతూ.

పడింది. ఆ రాత్రి పాపా నేనూ కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా అందులోనే గరాటులా పెట్టి మిద్దె మీద ఉంచాం. సీసా అడుగు గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి ముందే కొన్ని నీళ్లు పోసి, అక్కడ గీత గీసి, దాన్ని సున్నా అనుకున్నాం. వాతావరణ శాఖ వాళ్లు చదివే వేళకే, పొద్దున ఎనిమిదిన్నరకు, పాప స్కేలు పెట్టి చూసింది. 14 మిల్లీమీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. మా మిద్దె 60 చదరపు మీటర్లు. గుణించి, 840 లీటర్లు కాలవలో పోయాయమ్మా అని కేకేసింది. ఆ ముందు రోజే మేం నీళ్ల ట్యాంకరుకు డబ్బులిచ్చాం.

ఆ 14 ఎక్కడ రాయాలో తోచక మీ సర్టిఫికెట్ వెనుక రాసింది. మందపు కాగితం, ఇంకా చాలా రోజులకు చోటుంది.

ఇట్లు,
టోపీ ముట్టిన ఒక తల్లి

తా.క.: ఆ టోపీ ఇప్పుడు మా అత్త పెట్టుకుంటోంది. ముందు 'యంగ్ వెదర్ సైంటిస్ట్' అని ఉంది. అది పెట్టుకునే మిద్దె మీద వడియాలు ఆరేస్తోంది. మబ్బు చూసి ఇప్పటికి మూడుసార్లు వడియాలు ఎత్తింది, ఒక్కసారే వాన వచ్చింది. పాప ఆ లెక్క కూడా రాస్తోంది.