36 వారాల డాక్టరు గారు

మొన్న శనివారం అమెరికాలో, మా నార్త్ కరోలినాలోని కేరీలో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక గరాజ్‌లో కుర్చీలేసుకుని కూర్చున్న మగవాళ్ల మధ్యకి ఒక వార్త వచ్చి పడింది. మాలో ఒకాయన కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు, ఆర్మీలో చేరాడు. ఇప్పుడు స్పెషల్ ఆపరేషన్స్ కంబాట్ మెడిక్ కోర్సుకి, అంటే ప్రత్యేక దళాలతో యుద్ధానికి వెళ్లి గాయాలు చూసేవాళ్ల శిక్షణకి, వెళ్తున్నాడట. ఇక మొదలు. "ఇంటర్ చదివిన కుర్రాడికి 36 వారాలు పాఠం చెప్పి మనిషి గొంతు కోయమంటారా? మరి ఎంబీబీఎస్‌కి అయిదున్నరేళ్లు ఎందుకు పెట్టినట్టు?" అని ఒకాయన. ఇంకొకాయన దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లు మామూలు మనుషులు కారట, ఒక చేత్తో తుపాకీ పేలుస్తూ రెండో చేత్తో ఆపరేషన్ చేసేస్తారట. కుర్రాడి నాన్న మాత్రం తల ఎత్తకుండా ప్రసాదం తింటున్నాడు. కొడుకుని ఇంజినీరింగ్ ఎందుకు చదివించలేదని ఎవరూ అడక్కపోతే చాలు ఆయనకి.

నేను అటూ ఇటూ ప్లేట్లు మోస్తున్నాను. అక్కడ నోరు తెరిస్తే "అమ్మా, ఇంకాస్త పులిహోర ఉందా" అనేవారే తప్ప వినేవారు లేరు. అందుకే ఇక్కడ రాస్తున్నా. పన్నెండేళ్లుగా ట్రామాలో, అంటే పెద్ద గాయాల విభాగంలో, నర్సుని. ఇంతకుముందు వేరే రాష్ట్రంలో నేను పనిచేసిన ఆసుపత్రికి ఈ కోర్సు కుర్రాళ్లు నెల్లాళ్ల రోటేషన్‌కి వచ్చేవారు. వాళ్ల పక్కన ఎన్ని నైట్ డ్యూటీలు చేశానో లెక్క లేదు. ఆ గరాజ్‌లో తిట్టినాయనకీ తెలీదు, పొగిడినాయనకీ తెలీదు.

ముందు తిట్టినాయన సంగతి. ఈ కోర్సు నడిచేది మాకు గంట పైచిలుకు దూరంలో, ఫోర్ట్ బ్రాగ్‌లో. (2023లో దానికి ఫోర్ట్ లిబర్టీ అని పేరు పెట్టారు, 2025లో మళ్లీ ఫోర్ట్ బ్రాగ్ చేశారు. బోర్డులు రాసేవాడికి రెండు పండగలు.) అక్కడి జాయింట్ స్పెషల్ ఆపరేషన్స్ మెడికల్ ట్రైనింగ్ సెంటర్‌కి రేంజర్లనే ఆర్మీ మెరుపుదాడి దళం మెడిక్‌లు, ప్రత్యేక దళాల్ని మోసే హెలికాప్టర్లలో ఎగిరే మెడిక్‌లు, నేవీ నుంచి వాళ్ల మెడిక్‌లైన కార్ప్స్‌మన్‌లు, అందరూ వస్తారు. గ్రీన్ బెరేలనే ఆర్మీ ప్రత్యేక దళం మెడిక్‌లు ఇది పూర్తిచేసి, ఆ పైన ఇంకొన్ని నెలలు ఉండి పంటి వైద్యం, పశు వైద్యం కూడా నేర్చుకుంటారు. దిక్కులేని కొండల్లో ఊరివాళ్ల మేకకి జబ్బు చేసినా చూడాల్సింది వాళ్లే కాబట్టి. మామూలు ఆర్మీ మెడిక్ చదువు టెక్సాస్‌లో సుమారు నాలుగు నెలలు. ఇది దానికి రెట్టింపు పైనే.

ఆ 36 వారాల్లో వాళ్లని డాక్టర్లని చేయరు. బీపీ మాత్ర ఎంత మోతాదు ఇవ్వాలన్నది వాళ్ల పని కాదు. శవాల మీద శరీర నిర్మాణం, మందులు, ఆ తర్వాత గాయం, మళ్లీ గాయం, చీకట్లో గాయం. ఊపిరి ఆడనప్పుడు గొంతు ముందు కోసి గొట్టం పెట్టడం, ఛాతీలో చేరిన గాలిని సూదితో వదలడం, యుద్ధభూమిలోనే రక్తం ఎక్కించడం. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. మేకల మీద చేసే శిక్షణ గురించి జంతుప్రేమికులు ఏళ్లుగా గొడవ చేస్తున్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఆ చర్చ ఇంకోరోజు పెట్టుకుందాం.

మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒక కుర్రాడు బాగా గుర్తు. ఇరవై రెండేళ్లుంటాయేమో. తెల్లారగట్ల మూడింటికి తుపాకీ గాయంతో ఎవరినో తెచ్చారు. మా రెసిడెంట్లందరి కళ్లూ మానిటర్ మీద. వీడు మాత్రం పేషెంటు మణికట్టు మీద వేళ్లు పెట్టాడు, తర్వాత రెండు చేతులూ ఒంటి కిందకి పోనిచ్చి వీపంతా తడిమి, బయటికి తీసి గ్లవ్స్ చూసుకున్నాడు. ఎర్రగా ఉందా లేదా అని. అంతే. "మానిటర్ చూడవేంట్రా" అన్నాను ఇంగ్లిషులో. "నేను వెళ్లే చోట అది ఉండదు మేడమ్" అన్నాడు.

వాడు ఒకసారి ఫెయిలయ్యాడు. పరీక్షలో నటించే పేషెంటుకి అన్నీ సరిగ్గా చేశాడట, కాలికి రక్తం ఆపే పట్టీ, అదే టోర్నికెట్, బిగించాడు, ఊపిరి చూశాడు, స్ట్రెచర్ మీదకి ఎక్కించాడు. ఎక్కించాక టోర్నికెట్ మళ్లీ చూడలేదు. కదిపినప్పుడల్లా పట్టీ వదులయ్యే అవకాశం ఉంది, ప్రతి కదలిక తర్వాతా మొదట్నుంచీ చూసుకోవాలి. అది ఒక్కటి మర్చిపోయాడు. వెనక్కి పంపి తర్వాతి బ్యాచ్‌తో మళ్లీ చదివించారు. అయిదున్నరేళ్ల చదువు గురించి అడిగిన పెద్దాయనా, మన కాలేజీల్లో ఇంత చిన్న తప్పుకి ఎవరినైనా ఆపడం మీరు చూశారా? ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్‌కి టిఫిన్లు తెప్పించి పాసైనవాళ్ల కథలు మనింట్లోనే ఉంటాయి.

పాసయ్యాక కూడా గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ కాదది. రెండేళ్లకోసారి వెనక్కొచ్చి మళ్లీ నేర్చుకుని, మళ్లీ నిరూపించుకోవాలి. మనకి ఇది మింగుడుపడదు. మనవాళ్ల లెక్కలో చదువంటే ఒకసారి గట్టెక్కి, జీవితాంతం పేరు పక్కన రాసుకునేది.

ఇక పొగిడినాయన దగ్గరికి వద్దాం. నా అసలు కోపం ఈయన మీదే.

ఒక చేత్తో తుపాకీ, రెండో చేత్తో ఆపరేషన్ అన్నారు కదా, వాళ్లకి మొదటి రోజు నుంచీ నూరిపోసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. తూటాలు వస్తుండగా పడినవాడి దగ్గరికి పరుగెత్తకు. ముందు ఎదురు కాల్పులు కాల్చు. పడినవాడికి స్పృహ ఉంటే దాక్కోమని చెప్పు, తన టోర్నికెట్ తననే కట్టుకోమను. ఆ దశలో చేసే వైద్యం మొత్తం అదే. గొంతు, ఛాతీ, సెలైన్, అన్నీ చాటుకి చేరాకే. ఈ పద్ధతిని 1996లో ఫ్రాంక్ బట్లర్ అనే నేవీ డాక్టరు, ఇంకో ఇద్దరు సహచరులు కాగితం మీద పెట్టారు. ఈయన డాక్టరు కాకముందు సీల్ అనే నేవీ ప్రత్యేక దళంలో పనిచేసినవాడు. అంతవరకూ సైన్యంలోనూ ఊళ్లో అంబులెన్స్ పద్ధతే, ముందు శ్వాసమార్గం, టోర్నికెట్ ఆఖరి అస్త్రం, కడితే కాలు తీసేయాల్సొస్తుందని భయం. నేను నర్సింగ్‌లో చదువుకున్నదీ అదే. కానీ వియత్నాంలో ఇంకే గాయమూ లేకుండా, కేవలం చేయో కాలో తెగి రక్తం పోయి చనిపోయినవాళ్లు 2,500 మందికి పైగా. ఒక పట్టీ, ఒక కర్రముక్క ఉంటే బతికేవాళ్లు.

2001 నుంచి 2011 దాకా ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో చనిపోయిన 4,596 మంది అమెరికా సైనికుల వివరాల్ని తర్వాత వైద్యులు ఒక్కొక్కటిగా పరిశీలించారు. నూటికి 87 మంది ఆసుపత్రి గుమ్మం తొక్కకముందే పోయారు. అలా పోయినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది బతికే అవకాశం ఉన్నవాళ్లే. ఆ నాలుగోవంతులో నూటికి 90 మందిని తీసుకుపోయింది రక్తస్రావం. అంటే ఎంత గొప్ప సర్జన్ ఉన్నా లాభం లేదు, ఆయన దగ్గరికి చేరేదాకా రక్తం ఒంట్లో ఉండాలి కదా.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు ముక్క. 1998లో రేంజర్ రెజిమెంట్‌కి కమాండరు స్టాన్లీ మెక్‌క్రిస్టల్. ఆయన తన దళం శిక్షణలో నాలుగే నాలుగు విషయాలకి పెద్దపీట వేశాడు: గురి, ఒంటి దారుఢ్యం, చిన్న దళాల యుద్ధం, నాలుగోది ప్రథమ చికిత్స. మెడిక్‌లకి కాదు, ప్రతి రేంజర్‌కీ. వంటవాడైనా, రేడియో మోసేవాడైనా, కమాండరైనా కట్టు కట్టడం రావాల్సిందే. ఫలితం 2011లో అచ్చయింది. 2001 అక్టోబరు నుంచి 2010 మార్చి దాకా ఆ రెజిమెంట్‌లో గాయపడ్డవాళ్లు 419 మంది, వాళ్లలో చనిపోయినవాళ్లు 32 మంది. యుద్ధభూమిలో సరైన వైద్యం అంది ఉంటే బతికేవాడే అని చెప్పదగ్గ చావు ఒక్కటీ లేదు. కట్టిన టోర్నికెట్లలో 42 శాతం కట్టింది మెడిక్ కానివాళ్లు.

ఆ 42 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. 36 వారాలు చదివిన ఆ మెడిక్ గొంతు కోసే పనికో, రక్తం ఎక్కించే పనికో చేతులు ఖాళీగా పెట్టుకోగలుగుతున్నాడంటే, పక్కనున్న మామూలు సిపాయి అప్పటికే రక్తం ఆపేశాడు కాబట్టి. మనం సినిమా చూసి మెడిక్‌కి దండ వేస్తాం. ఆ పక్కవాడు మన కళ్లకి ఆనడు.

మా బాబాయి కథ చెప్తాను. నాలుగేళ్ల కిందట చిలకలూరిపేట దాటాక హైవే మీద లారీ గుద్దింది. మోకాలి కింద నుజ్జు. చుట్టూ ముప్పై నలభై మంది చేరారు. ఒకాయన పక్క కొట్టు నుంచి కాఫీ పొడి ప్యాకెట్ తెచ్చి గాయం మీద పోశాడు. ఒకావిడ పసుపు. ఇంకొకడు తలెత్తి నోట్లో నీళ్లు పోశాడు. తువ్వాలు కట్టారు, ముడి మాత్రం వదులు, "గట్టిగా కడితే నొప్పి పుడుతుంది పాపం" అని. అందరూ మంచివాళ్లే, ఎవరూ పారిపోలేదు, తలా ఒక చేయి వేశారు. ఆ చేతుల్లో ఒక్కటి గజ్జల్లో గట్టిగా నొక్కి పట్టుకుని ఉంటే చాలేది. 108 బండి వచ్చేసరికి రక్తం పోయి షాక్‌లోకి వెళ్లిపోయాడు. ఆ బండిలో వచ్చిన కుర్రాడు వచ్చీ రాగానే బిగించి కట్టాడు, ఇవాళ బాబాయి ఉన్నాడంటే వాడి పుణ్యం. పేరు కనుక్కుందామని ఎంత తిరిగినా దొరకలేదు. కాలు మాత్రం దక్కలేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ 108 మన తెలుగువాళ్లు దేశానికి చూపించిన దారి, దాని మీద నాకు చాలా గర్వం. సాయం చేసినవాణ్ని కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా తెచ్చారు. చట్టం ఉంది, బండి ఉంది. బండి వచ్చేలోపు ఉండే ఆ పావుగంట ఎవరిది? 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. మన దగ్గర జరిగే పని చెప్పనా? గోల్డెన్ అవర్ (గాయం తగిలాక ప్రాణం నిలిపే మొదటి గంట) అని టీషర్టు వేసుకుని ఆదివారం పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరుగెత్తడం. ఫొటో, అరటిపండు, ఇంటికి. పరుగెత్తిన వెయ్యి మందిలో ఒక్కరికైనా రక్తం ఆపడం నేర్పారా అని ఒక పెద్ద ఆసుపత్రివాళ్లని అడిగితే, "మేడమ్, అది మెడికల్ స్టాఫ్ చేయాల్సిన పని కదా" అన్నారు. ఆ మాట అన్నది డాక్టరే.

ఇక్కడ అమెరికాలో ఏదో స్వర్గమని కాదు. ఈ దేశంలోనే మామూలు ఆర్మీ మెడిక్ రెండు యుద్ధాలు చూసి బయటికొస్తే, చేతిలో ఉండే సివిలియన్ అర్హత బేసిక్ ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో మొదటి మెట్టు పని. అఫ్గానిస్తాన్‌లో ఛాతీలో సూది గుచ్చి ప్రాణం నిలిపినవాడు ఇక్కడ అంబులెన్స్‌లో ఆ సూది ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది. మాకు పక్కనే డర్హమ్‌లో డ్యూక్ యూనివర్సిటీ 1965లో నేవీ నుంచి వచ్చిన నలుగురు కార్ప్స్‌మన్‌లని తీసుకుని ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టరు తోడుగా వైద్యం చేసే మనిషి) అనే చదువే కొత్తగా పెట్టింది, వీళ్ల చేతుల్లో ఉన్న విద్య వృథా పోతోందని గ్రహించి. అరవై ఏళ్లయినా ఆ గ్రహింపు అందరిదాకా పాకలేదు.

అయినా సరే, ఆ గరాజ్‌లో కూర్చున్న నాన్నగారికి చెప్తున్నా. మీవాడు వెళ్లేది కష్టమైన కోర్సు. ఒకసారి ఫెయిలై వెనక్కి పడొచ్చు, అప్పుడు ఫోన్‌లో "మా కొలీగ్ కొడుకు చూడు" అనకండి. అలా ఫెయిల్ చేసే పరీక్ష కాబట్టే వాడి చేతులకి విలువ. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు సన్మానం, శాలువా వద్దు. మన అసోసియేషన్ ఉగాది కార్యక్రమంలో డాన్సులకీ డాన్సులకీ మధ్య ఒక అరగంట ఇవ్వండి, స్టేజి మీద కట్టు కట్టి చూపిస్తాడు.

నేను కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు సూట్‌కేసులో ఆరు టోర్నికెట్లు పట్టుకెళ్లాను. ఏటా అడిగే చాక్లెట్లు తగ్గించి. అమ్మ అవి చూసి "ఇవేంటే, సంచులకి కట్టుకునే బెల్టులా?" అంది. భోగి నాడు సాయంత్రం తమ్ముళ్లనీ మరుదుల్నీ పిల్లల్నీ హాల్లో కూర్చోబెట్టి, ఎవరో ఒకరు కాలు ఇవ్వండ్రా, కట్టి చూపిస్తాను అన్నాను. అందరూ మొహాలు చూసుకున్నారు. పండగపూట ఇదేం అపశకునం అని పిన్ని లోపలినుంచి గొణుగుతోంది. సోఫాలో కూర్చున్న బాబాయి పంచె పైకి లాగి, మిగిలిన కాలు నా ఒళ్లో పెట్టాడు. "దీనికి కట్టమ్మా. గట్టిగానే కట్టు, అరిస్తే వదలమాక."