మెట్రో దిగాక ఆ అర కిలోమీటరు

మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. సిటీ బస్సు ఎక్కడం కన్నా బస్‌స్టాప్ దాకా వెళ్లడమే టెన్షన్ అంటుంది. ఫుట్‌పాత్ ఎక్కాలంటే నా భుజం పట్టుకోవాలి. ప్రతి ఇంటి గేటు దగ్గరా దిగాలి, మళ్లీ ఎక్కాలి. మధ్యలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన వరసగా నిలిపిన బైకులు. ఇక చేసేదేముంది, రోడ్డు మీదికి దిగి బండ్ల పక్కనే నడుస్తాం.

హైదరాబాద్‌లో 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. ఇప్పుడు మూడు కారిడార్లు, 57 స్టేషన్లు, దాదాపు 69 కిలోమీటర్ల దారి ఉంది. స్టేషన్ లోపల లిఫ్టు, ఎస్కలేటర్, ఏసీ అన్నీ ఉన్నాయి. మెట్లు దిగి కింద అడుగు పెట్టాక మాత్రం చాలాచోట్ల నడవడానికి జాగా వెతుక్కోవాలి. రైళ్లు ఎన్ని, బస్సులు ఎన్ని అని లెక్కలు చెప్పే ప్రభుత్వాలు వాటి దాకా నడిచి వెళ్లే దారిని పట్టించుకోవడం లేదు. నా బాధంతా ఇదే. ఇంటి నుంచి స్టేషన్ అర కిలోమీటరే అయినా, ఆ కాస్త దూరం భయపెడితే మనిషి బైకు తాళం చేతిలోకి తీసుకుంటాడు. బైకులు పెరిగాయని రోడ్డు వెడల్పు చేస్తారు. అందుకు కావలసిన జాగా ఫుట్‌పాత్ నుంచే తీస్తారు. దాంతో ఇంకొందరు నడక మానేస్తారు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. మంచి నిర్ణయం. ఇళ్లలో పనిచేసేవాళ్లకు, దుకాణాల్లో చిన్న జీతానికి పనిచేసేవాళ్లకు నెలకు ఆ మిగిలే డబ్బు చాలా పెద్దది. కానీ వాళ్లు బస్సు దిగేది రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో పిల్ల. దీపాల్లేని సందులో నడవలేక షేర్ ఆటో ఎక్కితే, టికెట్టు మీద మిగిలింది అక్కడే ఖర్చవుతుంది.

ఫుట్‌పాత్ అనగానే తోపుడు బండ్లను ఖాళీ చేయించడం మొదలుపెడతారు. దీన్ని నేను ఒప్పుకోను. రాత్రిపూట ఒంటరిగా బస్సు దిగిన ఆడమనిషికి మూలమీది మిర్చిబజ్జీల బండి, దాని లైటు, అక్కడ నిలబడ్డ నలుగురు మనుషులే ధైర్యం. వీధి వ్యాపారులకు జాగా చూపించాలని 2014 నాటి చట్టమే చెబుతోంది. దారికి ఎక్కువగా అడ్డం పడుతున్నవి పార్కింగ్ చేసిన కార్లు, బైకులే.

నిబంధనలు లేక కాదు. నడవడానికి కనీసం 1.8 మీటర్ల జాగా ఖాళీగా ఉండాలని, ఫుట్‌పాత్ అంచు 15 సెంటీమీటర్లకు మించి ఎత్తు ఉండకూడదని రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో రాసిపెట్టింది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. చెన్నైలో పాండీ బజార్‌ను చూడండి. ఎప్పుడూ కిటకిటలాడే ఆ బజారులో వాహనాల జాగా తగ్గించి, 2019లో ఫుట్‌పాత్‌లను విశాలం చేశారు.

హైదరాబాద్‌లోని ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర 2023లో స్కైవాక్ కట్టారు, అంటే రోడ్డు పైనుంచి నడిచి దాటే వంతెన. అంత పెద్ద కూడలిలో అది అవసరమే. కానీ ప్రతి కూడలికీ అదే మందు కాదు. నడిచేవాళ్లను పైకి ఎక్కించడం కన్నా వాహనాలను ఒక నిమిషం ఆపడం తేలిక.

రోడ్డు కార్పొరేషన్‌ది, సిగ్నల్ ట్రాఫిక్ పోలీసులది, స్తంభం కరెంటు వాళ్లది, బస్‌స్టాప్ దగ్గర ఆగే బస్సు ఆర్టీసీది. ఆ అర కిలోమీటరు మొత్తానికి జవాబు చెప్పే మనిషి మాత్రం లేడు. ముందు 57 మెట్రో స్టేషన్ల చుట్టూ ఉన్న దారులను ఒక్కో అధికారికి అప్పగించాలి. ఆ అధికారి పొద్దున తొమ్మిదికి ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చేతిలో సంచితో నడిచి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడను వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది.