అతివాదానికి అండ ఎవరిది?

రాజకీయ అతివాదం పేరెత్తగానే అందరి చూపూ అతివాదుల మీదికే పోతుంది. వారికి పీట వేసి కూర్చోబెట్టిన పెద్దమనుషుల ఊసు ఎవరూ ఎత్తరు. జర్మనీలో 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు మూడు శాతం లోపే. ఆర్థిక మాంద్యం విరుచుకుపడి దాదాపు 60 లక్షల మంది పనుల్లేక వీధిన పడితే, ప్రభుత్వం అత్యవసర ఉత్తర్వులతో జీతాలకూ నిరుద్యోగ భృతికీ కోత వేసింది. 1932 జులై నాటికి నాజీల ఓట్లు 37 శాతానికి చేరాయి. అప్పటికీ మెజారిటీ రాలేదు. ఆ నవంబరులో మళ్లీ ఎన్నికలు జరిగితే 33 శాతానికి పడిపోయాయి కూడా. అలా జారిపోతున్న వేళ, 1933 జనవరి 30న హిట్లర్ చాన్సలర్ అయ్యాడు. తమ చెప్పుచేతల్లో ఉంటాడని, తమ ప్రత్యర్థుల పని పడతాడని లెక్క వేసుకున్న ఫాన్ పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించి అధికారాన్ని అతడి చేతిలో పెట్టారు. ఆరు నెలలు తిరగకముందే ఆ దేశంలో నాజీ పార్టీ తప్ప మరో పార్టీ మిగల్లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫిన్లాండ్‌కూ అలాంటి గండమే వచ్చింది. 1929లో పుట్టిన లాపువా ఉద్యమం కమ్యూనిస్టు వ్యతిరేకత పేరుతో ప్రత్యర్థులను ఎత్తుకెళ్లి కొట్టేది, కార్లలో తీసుకెళ్లి సోవియట్ సరిహద్దు దగ్గర వదిలేసేది. 1930 అక్టోబరులో ఏకంగా దేశ తొలి అధ్యక్షుడు స్టాల్‌బెర్గ్‌నూ ఆయన భార్యనూ అపహరించారు. అంతవరకూ కుర్రాళ్ల ఆవేశమని వెనకేసుకొచ్చినవారిలో చాలామంది అప్పుడు గానీ ఉలిక్కిపడలేదు. 1932 ఫిబ్రవరి చివర్లో మాంట్సాలా అనే ఊళ్లో సోషల్ డెమొక్రాట్ల సభను సాయుధులు తుపాకులు పేల్చి చెదరగొట్టి, ప్రభుత్వం దిగిపోవాలంటూ అక్కడే తిష్ఠ వేశారు. నాటి అధ్యక్షుడు స్విన్‌హుఫ్వుడ్ కరడుగట్టిన సంప్రదాయవాది, పైగా ఆ ఉద్యమం దన్నుతోనే పదవికెక్కినవారు. ఆయనే రేడియోలో మాట్లాడారు. ఇళ్లకు వెళ్లిపోతే మామూలు మనుషుల జోలికి రామని, నడిపించిన నాయకులను మాత్రం విడిచిపెట్టబోమని తేల్చిచెప్పారు. కొద్ది రోజుల్లోనే తిరుగుబాటు చల్లారింది. కమ్యూనిస్టులను అణచడానికి పట్టుబట్టి తెప్పించుకున్న చట్టం కిందే లాపువా ఉద్యమం నిషేధానికి గురైంది.

రెండు దేశాల మధ్య మిగతా తేడాలు ఎన్నయినా ఉండవచ్చు. జర్మనీలో సంప్రదాయవాదులే అతివాదికి పీట వేశారు, ఫిన్లాండ్‌లో సంప్రదాయవాదే అడ్డం నిలిచాడు. మా దృష్టిలో ఫలితాన్ని మార్చినది ఇదే. ప్రత్యర్థులు తిడితే అతివాదికి పోయేదేమీ లేదు. ఆ తిట్లనే చూపించి మరో పదిమందిని కూడగట్టుకుంటాడు. తనవాళ్లు అనుకున్నవాళ్లే పొమ్మన్నప్పుడు అతడి పరపతి పోతుంది.

పేదరికమే అతివాదానికి మూలమన్న మాట తరచు వింటాం. అది సగం నిజం. 1970లలో పశ్చిమ జర్మనీని వణికించిన రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే వామపక్ష సాయుధ ముఠా నాయకుల్లో పలువురు చదువుకున్న, కలిగిన కుటుంబాల పిల్లలు. లేమి కంటే అవమానం, తమ గోడు ఎవరికీ పట్టదన్న నిస్పృహ మనిషిని త్వరగా అటువైపు నెడతాయి. ఆ అవమానం ప్రభుత్వం చేతి మీదుగానే జరిగితే ఇక చెప్పనక్కర లేదు. 1971 ఆగస్టు 9న ఉత్తర ఐర్లండ్‌లో విచారణ లేకుండా నిర్బంధించే అధికారంతో బ్రిటిష్ సైన్యం తెల్లవారుజామున ఇళ్ల మీద పడి 340 మందికి పైగా పట్టుకుపోయింది. దాదాపు అందరూ ఒకే వర్గంవారు, ఐరిష్ జాతీయవాద కాథలిక్కులు. వారిలో చాలామందికి సాయుధ ముఠాలతో సంబంధమే లేదు. హింస తగ్గకపోగా, బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏలో చేరేవారు పెరిగారు. మూడు దశాబ్దాల ఆ ఘర్షణలో మరుసటి సంవత్సరమే అత్యధిక ప్రాణాలు పోయాయి. చివరకు 1998లో శాంతి కుదిరిందంటే, జైళ్లలో కుక్కినవారి ప్రతినిధులతో కూర్చుని మాట్లాడబట్టే.

కనుక నేరం చేసినవారిని శిక్షించాలి, వారు ఏ వర్గంవారో ఆ వర్గాన్ని కాదు. నార్వేలో 2011 జులై 22న 77 మందిని పొట్టనబెట్టుకున్న తీవ్ర మితవాద హంతకుడిని ఆ దేశం మామూలు కోర్టులో, మామూలు చట్టం కిందే విచారించింది. అతడు కోరుకున్న యుద్ధాన్ని అతడికి ఇవ్వలేదు. జర్మనీలో 2000 నుంచి పనిచేస్తున్న ఎగ్జిట్ అనే సంస్థ నయా నాజీ ముఠాల నుంచి బయటపడాలనుకునేవారికి దారి చూపుతోంది. అలా బయటికి వచ్చేవాడికి కొత్త చోటు, పని, స్నేహితులు కావాలి. ఉన్నవాళ్లందరూ ముఠావాళ్లే కదా. ఇలాంటి పనికి వెచ్చించే ధనాన్ని ప్రభుత్వాలు ఖర్చుగా చూసినంత కాలం జైళ్లే దిక్కవుతాయి.

సామాజిక మాధ్యమ సంస్థలనూ నిలదీయక తప్పదు. అతివాద గ్రూపుల్లో చేరికల్లో 64 శాతం తమ సిఫార్సుల వల్లే జరుగుతున్నాయని ఫేస్‌బుక్ సొంత పరిశోధకులే 2016లో యాజమాన్యానికి చెప్పారు. లోకానికి ఆ సంగతి తెలిసింది 2020లో. ఇలాంటి అంతర్గత నివేదికలను స్వతంత్ర పరిశీలకుల ముందు పెట్టడాన్ని చట్టమే తప్పనిసరి చేయాలి.

అన్నిటికన్నా ముందు పార్టీల గడప దగ్గర మార్పు రావాలి. ఎదుటి పక్షంలోని అతివాదిని ఖండించడానికి గంట చాలు. తమ వేదిక మీద ఒక వక్త ఫలానా వర్గాన్ని తరిమికొట్టమని పిలుపునిస్తే, అది ఆయన వ్యక్తిగత అభిప్రాయమని రెండు రోజులకు ఒక ప్రకటన వస్తుంది, ఎన్నికలు రాగానే అభ్యర్థుల జాబితాలో ఆయన పేరూ వస్తుంది. ఇది ఏ ఒక్క పార్టీకో పరిమితమైన జబ్బు కాదు. హింసకు పిలుపునిచ్చినవారికి అభ్యర్థిత్వం ఇవ్వబోమని, ఇచ్చిన పార్టీతో పొత్తు పెట్టుకోబోమని పార్టీలన్నీ ఎన్నికల ముందే రాతపూర్వకంగా ప్రకటించాలి. గెలుస్తాడన్న కారణంతో ఆ మాట తప్పిన పార్టీ ఏదో మేము పేరు పెట్టి రాస్తాం.