జపాన్ ఆసియాను విడిపించిందట!

ఈ మధ్య ఏ గ్రూపు తెరిచినా అదే ఫార్వర్డు. జపాన్ దెబ్బ కొట్టకపోతే ఆసియాలో తెల్లవాడు కదిలేవాడే కాదట, జపాన్ మనందరినీ విడిపించిందట. పైన నేతాజీ ఫొటో, కింద దండాల బొమ్మలు. నేతాజీ మీద నాకూ గౌరవమే. కానీ ఆ జపాన్ సైన్యం కింద మూడున్నరేళ్ళు బతికిన మామూలు జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో ఈ వీరాభిమానులు ఒక్కసారైనా కనుక్కున్నారా?

మలయా, అంటే ఇప్పటి మలేసియా వైపు, సంగతి చూడండి. అక్కడి తోటల్లో తమిళులే ఎక్కువైనా, ఉత్తరాంధ్ర నుంచి కూలికి వెళ్ళిన మనవాళ్ళూ ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 డిసెంబరులో, అక్కడి తీరంలోని కోట బారు అనే ఊళ్ళో దిగిన జపాన్ సైన్యం 1942 ఫిబ్రవరి 15 కల్లా సింగపూరు కూడా పట్టేసుకుంది. గడియారాలు గంటన్నర ముందుకు తిప్పి టోక్యో టైము పెట్టారు. కాపలా కాసే జపాన్ సిపాయి ఎదురైతే నడుం వంచి దండం పెట్టాలి, మరిచిపోతే చెంప పగిలేది. సింగపూరులో చైనీయులను పోగేసి, అనుమానం వచ్చినవాళ్ళను వేలల్లో చంపేశారు. ఇది మొదటి వారాల మాటే.

తర్వాత ఆకలి. రబ్బరు కొనే అమెరికా, యూరప్ బేరం పోయింది, తోటల్లో పని పడిపోయింది, బర్మా నుంచి, సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి వచ్చే బియ్యం తగ్గిపోయింది. ఇక పొద్దునా సాయంత్రం కర్రపెండలమే. బట్ట దొరక్క గోనెసంచులు కట్టుకున్నారు. జపాన్ వాళ్ళు అచ్చేసిన నోట్ల మీద అరటిచెట్టు బొమ్మ ఉండేది కాబట్టి జనం వాటిని అరటి డబ్బు అనేవాళ్ళు. చాలా నోట్ల మీద సీరియల్ నంబరు కూడా లేదు, ఎంత కావాలంటే అంత గుద్దుకున్నారు, ధరలు ఆకాశానికెక్కాయి.

అన్నింటికంటే నాకు కడుపు మండేది జపాన్ సైన్యం వేయించిన సయాం-బర్మా రైలు మార్గం విషయంలో. 415 కిలోమీటర్లు, అడవిలో, 1943 అక్టోబరుకి పూర్తిచేశారు. కొన్నాళ్ళ పనే, కూలి ఇస్తాం అని నమ్మించి కొందరిని, రాకపోతే బలవంతంగా ఇంకొందరిని తోటల నుంచి పట్టుకుపోయారు. పెళ్ళాం పిల్లలతో వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. కలరా వచ్చి పాకలకు పాకలు ఖాళీ అయ్యాయి. ఆసియా కూలీలు లక్షా ఎనభై వేలకు పైనే, అందులో సగం దాకా పోయారని అంచనా. అంచనా అని ఎందుకంటున్నానంటే, లెక్క రాసిన నాథుడు లేడు. జపాన్‌కు చిక్కి అదే పని చేసిన తెల్ల యుద్ధఖైదీలు పన్నెండు వేలకు పైగా చనిపోయారు, అదీ ఘోరమే, కానీ వాళ్ళకు సొంత డాక్టర్లు, దొంగచాటుగా డైరీలు రాసిన ఆఫీసర్లు ఉన్నారు. అందుకే థాయ్‌లాండ్‌లో ఆ రైలు దారిన ఉన్న కాంచనబురిలో ఇవాళ వాళ్ళకు వరసగా, పేర్లతో సమాధులున్నాయి. మన కూలోడికి గుంటే దక్కింది, అదీ నలుగురితో కలిపి.

జపాన్ అండతో నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరిన తోట కుర్రాళ్ళలో దేశం కోసం చేరినవాళ్ళు ఉన్నారు. ఆ రైలు పనికి పట్టుకుపోతారన్న భయంతో చేరినవాళ్ళూ ఉన్నారు. రెండోది చెబితే నేతాజీకి అవమానమని ఎందుకు ఉలిక్కిపడతారో నాకర్థం కాదు. తిండి లేనివాడు తిండి దొరికే దారి వెతుక్కున్నాడు, అందులో తప్పేముంది?

1945లో జపాన్ లొంగిపోయింది, బ్రిటిష్‌వాడు తిరిగొచ్చి అరటి డబ్బు చెల్లదన్నాడు. మూడున్నరేళ్ళు చెమటోడ్చి దాచుకున్నది చిత్తుకాగితమైంది. రైలు పని నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు చాలామంది మళ్ళీ అవే తోటలకు చేరి, అదే తెల్ల కంపెనీల రబ్బరుచెట్లకు గాట్లు పెట్టుకుంటూ బతికారు.