ఎలుక సాక్షిగా ఒక సీసా

మెదడుకు కూడా ఇమ్యూనిటీ బూస్టర్ వచ్చేసింది. ఫోన్‌లో యాడ్ చూశాను. తెల్లకోటు వేసుకున్న ఒక ఆసామి, మెడలో స్టెతస్కోపు, వెనకాల నీలం రంగులో గిర్రున తిరుగుతున్న మెదడు. "మీ బాబు ఎవరితోనూ కలవడం లేదా? అమెరికా శాస్త్రవేత్తలు కారణం కనిపెట్టేశారు!" పరగడుపున రెండు చెంచాలట. త్వరపడిన వారికి సగం ధరట.

ఆ శాస్త్రవేత్తలెవరో ఆయన చెప్పలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటాను. జొనాథన్ కిప్నిస్. అప్పట్లో వర్జీనియా యూనివర్సిటీ, ఇప్పుడు సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ. మెదడు జోలికి రోగనిరోధక కణాలు వెళ్లవు, వెళ్లాయంటే ఏదో జబ్బే అని పాఠ్యపుస్తకాలు తేల్చేసిన రోజుల్లో, కాదు, ఆరోగ్యంగా ఉన్న మెదడుకూ వాటితో పని ఉందని పట్టుబట్టిన మనిషి. 2015లో ఆయన ల్యాబ్‌లో ఆంట్వాన్ లూవో ఎలుక మెదడు పైపొరను పుర్రె చిప్పకు అంటుకుని ఉండగానే గట్టిపరచి, ఆ తర్వాత ఒలిచి చూస్తే లింఫ్ నాళాలు, అంటే రోగనిరోధక కణాలు తిరిగే గొట్టాలు, బయటపడ్డాయి. ఇటలీలో మస్కాన్యి 1787లోనే వీటి సంగతి రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. పాపం, ఆయనకు యాడ్ ఏజెన్సీ లేదు.

మన సీసాకు మూలం 2016లో అదే ల్యాబ్ నుంచి వచ్చిన ఇంకో పేపర్. మూడు గదుల పెట్టె. మధ్యలో ఎలుక. ఒక పక్క గదిలో ఇంకో ఎలుక, రెండో పక్క ఏదో ఒక వస్తువు. మామూలు ఎలుక సాటి ఎలుక దగ్గరికే పోయి మూతి చాచి వాసన చూస్తుంది. కుశలప్రశ్నలన్నమాట. టి కణాలు, బి కణాలు అనే రోగనిరోధక కణాలు లేకుండా పుట్టిన ఎలుకకు మాత్రం ఎలుకైనా ఒకటే, వస్తువైనా ఒకటే.

ఈ పరీక్ష మన ఫంక్షన్ హాల్లో పెట్టి చూడండి. ఒక పక్క మేనమామ, రెండో పక్క ఛార్జింగ్ పాయింటు. పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మందికి టి కణాలు లేవని అక్షింతలు పడేలోపే తేలిపోతుంది. పెళ్లికొడుకు కేసు మరీ సీరియస్, తాళి కట్టి వెంటనే స్టేటస్ పెట్టాడు. మేనమామ సంగతి చూద్దామంటే ఆయన కూడా వైరు పట్టుకుని గోడ వైపే నడుస్తున్నాడు. బంతికి రెండు సీసాలు చొప్పున వడ్డిస్తే తప్ప ఈ సంబంధం నిలబడేలా లేదు.

సరే, ల్యాబ్‌లో ఏం చేశారు? ఆ ఎలుకలకు లేని కణాలను ఎక్కించారు, కలుపుగోలుతనం వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ గామా అని టి కణాలు విడుదల చేసే ఒక పదార్థాన్ని మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించినా వచ్చింది. నేరుగా ఆ ద్రవంలోకి, సూదితో. పరగడుపున చెంచాతో కాదు. ఆ కణాలే లేకుండా పుట్టిన పిల్లవాడు ఉంటే, వాడి సమస్య నలుగురిలో కలవకపోవడం కాదు. జలుబు చేసినా ప్రాణం మీదికొస్తుంది, వాడికి కావలసింది ఎముకమజ్జ మార్పిడి.

పోనీ, ఉన్నదాన్నే పెంచేద్దామా? హెపటైటిస్ సి అనే కాలేయ జబ్బు రోగులకు పై పదార్థానికి బంధువైన ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా ఇచ్చిన రోజుల్లో చాలామంది డిప్రెషన్‌లో పడ్డారు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరాల మీది తొడుగును కొరికేసేది సొంత రోగనిరోధక వ్యవస్థే. తెల్లకోటాయన "బూస్ట్" చేస్తానంటున్నది దీన్నే. సీసాలో ఉన్నది ఉత్త బెల్లంపాకమే అయి ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి.

ఆ యాడ్ నాకోసం తీసింది కాదని తెలుసు. రెండు బస్సులు మారి పిల్లాణ్ణి స్పీచ్ థెరపీకి తిప్పుతూ, "ఫోను ఎక్కువ చూపించావు, అందుకే ఇలా అయ్యాడు" అని ఆడపడుచుల చేత మాటలు పడుతూ, ఇల్లంతా పడుకున్నాక "ఆటిజం" అని వెతుక్కునే తల్లి కోసం తీశారు. సిగ్గులేదురా మీకు? ఆటిజానికి మందు దొరికిందని ఆ పేపర్లో ఎక్కడుంది? పెట్టెలో ఎలుక ఎటు నడిచిందో చూసి ఏళ్ల తరబడి కష్టపడి రాసుకున్న చదువును తెచ్చి, ఆవిడ పుస్తెలు తాకట్టు పెట్టించడానికి వాడతారా? మాటలు రాని పిల్లాడి పేరు మీద డిస్కౌంటు పెడతారా?

యాడ్ కింద ఒకామె అడిగింది: "మా బాబుకి ఐదేళ్లండి, ఇంకా అమ్మా అనట్లేదు, వాడొచ్చా?" కింద జవాబు కూడా ఉంది. "ఇన్‌బాక్స్ చూడండి మేడమ్, మీకు స్పెషల్ రేటు."