బిల్లింగ్ స్క్రీన్ కొనేవాళ్ల వైపు తిప్పండి ముందు

సూపర్ మార్కెట్‌లో అర మీద పెట్టిన రేటు కన్నా బిల్లులో ఎక్కువ పడితే షాపువాళ్లు తక్కువ రేటే తీసుకోవాలి అనే రూల్ మంచిదే, కాదనను, కానీ తేడా పడిందని కొన్నవాళ్లకి తెలిస్తే కదండీ అడగడానికి? వెనక క్యూ, స్క్రీన్ ఏమో క్యాషియర్ వైపు, చకచకా స్కాన్ చేసేస్తుంటే ఎవరు చూస్తారు, ఇంటికెళ్లి బిల్లు చదివితే గానీ తెలీదు. ఆఫర్ అయిపోగానే సిస్టమ్‌లో రేటు మార్చేస్తారు, అరకి అంటించిన చీటీ మాత్రం అలాగే ఉండిపోతుంది, గొడవంతా అక్కడే. దానికి పాపం క్యాషియర్‌ని తిట్టి ఏం లాభం.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో స్కానర్‌లో ఎక్కువ పడిందని 30 రోజుల్లోపు చెప్తే తేడా డబ్బులతో పాటు దానికి పది రెట్లు, ఒక పరిమితి దాకా, అదనంగా ఇవ్వాలి. అలా జేబుకి తగిలితేనే చీటీలు టైముకి మారతాయి.